పసుపు బస్సు ఎక్కే వయసు

వర్ధన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో ఎండలు ముదిరే వేళకు బడుల తరఫున ఇల్లిల్లూ తిరిగేవాళ్లు మొదలవుతారు. ముందు వచ్చేది ప్రైవేటు బడుల వాళ్లు. ఏప్రిల్‌లో, ఆ ఏడు పరీక్షలు ఇంకా పూర్తి కాకముందే, రంగురంగుల కరపత్రాలతో వస్తారు. మీ ఇంట్లో మూడేళ్లు నిండిన పిల్లలున్నారా అని అడుగుతారు. జూన్‌లో సర్కారు బడి సార్లు, మేడమ్‌లు వస్తారు. ఆ కార్యక్రమానికి ప్రొఫెసర్ జయశంకర్ బడిబాట అని పేరు. ఆయన పుట్టిన అక్కంపేట కూడా ఈ వరంగల్ నేల మీదిదే. వాళ్లు అడిగేది ఐదేళ్లు నిండిన పిల్లల గురించి.

రెండు నెలల తేడా, రెండేళ్ల తేడా. సర్కారు బడి మేలా, ప్రైవేటు బడి మేలా అన్న వాదన ఎక్కడెంత జోరుగా జరిగినా, మా దిక్కు అది ఈ తేడా దగ్గరే తేలిపోతున్నదని నేను నమ్ముతున్నాను. సార్లు గడప దగ్గరికి వచ్చేసరికి పిల్ల అప్పటికే ఎల్కేజీ, యూకేజీ చదివి ఉంటుంది. బస్సుకూ, టైకీ, తోటి పిల్లలకూ అలవాటు పడి ఉంటుంది. అలవాటు పడ్డ పిల్లను మాన్పించడానికి ఏ తల్లికీ మనసు రాదు. తల్లిదండ్రులు బడిని ఎంచుకునే హక్కు గురించి మాట్లాడుకునేటప్పుడు, ఆ ఎంపిక ఏ వయసులో జరిగిపోతున్నదో ముందు చూసుకోవాలి.

లెక్కలు కొంచెం చూద్దాం. తెలంగాణలో బడికి పోయే పిల్లల్లో సగానికి పైగా ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు. ఇంత ఎక్కువ వాటా ఉన్న రాష్ట్రాలు దేశంలో కొన్నే. మరోవైపు కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం 2024–25లో ఒక్క పిల్లవాడూ నమోదు కాని బడులు తెలంగాణలో 2,245 ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ తర్వాత దేశంలో ఎక్కువ ఇక్కడే. పిల్లలు లేని బడి ఒక్కరోజులో అలా తయారు కాదు. నలభై మంది ముప్పై అవుతారు, ముప్పై మంది పన్నెండు అవుతారు, ఆఖరికి మిగిలిన ఇద్దరినీ పక్క ఊరి బడికి పంపి తాళం వేస్తారు.

దేశం మొత్తం మీద పల్లెల సంగతి చెప్పే అసర్ సర్వేలో ఇంకో ముచ్చట ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పల్లె పిల్లల్లో ప్రభుత్వ బడులకు పోయేవాళ్లు 2018లో 65.6 శాతం. కరోనా కొట్టిన దెబ్బకు ఫీజులు కట్టలేక జనం సర్కారు బడి బాట పట్టారు. 2022 నాటికి అది 72.9 శాతమైంది. చేతిలో మళ్లీ నాలుగు రూపాయలు ఆడగానే 2024లో 66.8 శాతానికి దిగిపోయింది. కష్టకాలంలో వచ్చినవాళ్లు కష్టం తీరగానే వెళ్లిపోయారు. ఆ రెండు మూడేళ్లలో వాళ్లు బడి లోపలికి వచ్చి చూశారు కదా, మరి ఎందుకు నిలవలేదు? సర్కారు బడిని ప్రేమించే నాలాంటివాళ్లు ఈ ప్రశ్నను దాటవేయకూడదు.

ఎందుకు పంపుతున్నారని ఊళ్లో అడిగితే మొదట వినిపించేది ఇంగ్లీషు. కానీ తెలంగాణ ప్రభుత్వం 2022–23 నుంచి అన్ని సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉండేలా పుస్తకాలు అచ్చువేసింది. నా దృష్టిలో అది చాలా మంచి పని. పిల్లకు అర్థం కానిది ఎదుటి పేజీలో తన భాషలో దొరుకుతుంది. మధ్యాహ్న భోజనం ఉంది, 2015 నుంచి సన్నబియ్యంతో పెడుతున్నారు. పుస్తకాలు, డ్రెస్సులు ఉచితం. డీఎస్సీ రాసి గెలిచిన టీచర్లున్నారు. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి అదే ఏడు అక్టోబరులో నియామక పత్రాలు ఇచ్చారు. 2022లో మొదలైన మన ఊరు మన బడి పథకం కింద చాలా చోట్ల గోడలకు రంగులు, మరుగుదొడ్లు, బల్లలు వచ్చాయి. ఇవన్నీ ఉన్నా పిల్లలు బస్సే ఎక్కుతున్నారంటే, తల్లిదండ్రులు చూస్తున్నది వేరే ఉందన్నమాట.

ఆ వేరేది ఏమిటో తెలియాలంటే చిన్న లెక్క చేయాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు ఉండాలి. ఊరి బడిలో ముప్పై మంది ఉన్నారనుకుందాం. ఇద్దరు టీచర్లు. అంటే పదిహేను మందికి ఒకరు. కాగితం మీద ఎంత బాగుంది! హైదరాబాద్‌లో లక్షల ఫీజు తీసుకునే చాలా బడులు కూడా ఇంత గొప్ప లెక్క చూపించలేవు. కానీ ఆ ముప్పై మంది ఐదు తరగతుల పిల్లలు. ఒక సారు దగ్గర రెండు తరగతులు, ఇంకో సారు దగ్గర మూడు. మూడో తరగతికి తీసివేతలు చెబుతుంటే నాలుగో తరగతి ఎక్కాలు రాసుకుంటుంది, ఐదో తరగతి కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఒక సారు సెలవు పెట్టినా, ట్రైనింగుకు పోయినా, ఎన్నికల డ్యూటీకి పోయినా ఐదు తరగతులూ ఒక్కరి మీద పడతాయి. ఇందులో ఆ సారు తప్పు లేదు. ఎంత చదువుకున్నవాడైనా ఒకే గంటలో మూడు తరగతులకు పాఠం చెప్పలేడు.

ప్రైవేటు బడిలో టీచరు శిక్షణ పొందకపోవచ్చు, డిగ్రీ ఈ మధ్యనే పూర్తయి ఉండొచ్చు. కానీ ఎల్కేజీకి ఒక మేడమ్, యూకేజీకి ఒకరు, ఒకటో తరగతికి ఒకరు ఉంటారు. తన పిల్లకు ఫలానా మేడమ్ అని తల్లి చెప్పుకోగలుగుతుంది. డైరీలో హోంవర్కు వస్తుంది, నెలకోసారి మార్కులు వస్తాయి, ఏదైనా అయితే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. ఫీజు బాకీ పడితే వాళ్లూ అడుగుతారనుకోండి. తల్లిదండ్రులు కొంటున్నది చదువు కంటే ముందు ఈ భరోసాను. ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన డబ్బులో ఒక భాగం బడి ఆఫీసు కౌంటర్లో పడుతున్నదంటే దాని వెనుక ఉన్నది వట్టి ఇంగ్లీషు మోజు కాదు.

పిల్లల సంఖ్య తగ్గినకొద్దీ టీచర్లను సర్దుబాటు పేరుతో వేరే బడికి పంపుతారు. టీచరు పోతే ఇంకో నలుగురు పిల్లలు పోతారు. ఆ నలుగురు పోయినందుకు మరుసటి ఏడు మళ్లీ సర్దుబాటు. ఒకసారి ఈ సుడిలో పడిన బడి దానంతట అది పైకి రావడం చాలా కష్టం.

మరి ఫీజు కట్టి పంపిన చదువు నిజంగా మెరుగ్గా ఉన్నదా? ఈ ప్రశ్నకు ప్రపంచంలోనే చెప్పుకోదగ్గ జవాబుల్లో ఒకటి మన తెలుగు నేల మీదే దొరికింది. దాన్ని కాస్త ఓపికగా చెప్పాలి.

ప్రైవేటు బడి పిల్లలకు మార్కులు ఎక్కువ వచ్చాయని చూపించడం తేలిక. కానీ అందులో బడి గొప్పెంత, ఇంటి గొప్పెంత? ఫీజు కట్టగలిగిన ఇంట్లో తల్లి చదువుకుని ఉండొచ్చు, పుస్తకాలుండొచ్చు, ట్యూషన్ ఉండొచ్చు. ఈ రెంటినీ విడదీయాలంటే ఒకే రకం ఇళ్ల పిల్లల్లో కొందరిని ప్రైవేటుకు పంపి, కొందరిని ఉన్నచోటే ఉంచి చూడాలి. ఎవరిని పంపాలో ఎవరి ఇష్టమూ లేకుండా లాటరీ తీయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్లపాటు సరిగ్గా ఇదే చేశారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అధ్యయనం చేశారు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ చేయి కలిపింది. 180 ఊళ్లు తీసుకున్నారు. ముందు ఊళ్ల మధ్య లాటరీ తీసి సగం ఊళ్లను పథకంలోకి తెచ్చారు. ఆ ఊళ్లలో సర్కారు బడికి పోయే పిల్లల ఇళ్లవాళ్లు దరఖాస్తు చేసుకుంటే వాళ్ల మధ్య మళ్లీ లాటరీ. గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకాలు, డ్రెస్సుల ఖర్చు పథకమే భరించింది. దీన్నే వోచర్ అంటారు.

రెండుసార్లు లాటరీ ఎందుకంటే, ఒక ఊళ్లో కొందరు పిల్లలు వెళ్లిపోతే మిగిలినవాళ్లకు నష్టమా అన్నది కూడా తెలియాలి. అది తెలియాలంటే పథకమే లేని ఊళ్లు పక్కన ఉండాలి.

నాలుగేళ్ల తర్వాత పరీక్షలు పెట్టారు. తెలుగులో, లెక్కల్లో వోచర్ గెలిచిన పిల్లలకూ గెలవని పిల్లలకూ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్లు బాగా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడుల్లో అప్పుడు హిందీ చెప్పేవాళ్లు కాదు గనుక అది సహజమే. వెళ్లిపోయిన పిల్లల వల్ల సర్కారు బడిలో మిగిలినవాళ్లకు గానీ, ముందే ప్రైవేటులో ఉన్నవాళ్లకు గానీ నష్టం కనిపించలేదు. ఆ అధ్యయనం 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వచ్చింది.

ఇంతవరకే చదివి, చూశారా ప్రైవేటులో ఏమీ లేదు అని కొందరు అన్నారు. వాళ్లు రెండో సగం చదవలేదు. ఆ ప్రైవేటు బడుల్లో తెలుగుకు 40 శాతం, లెక్కలకు 32 శాతం తక్కువ సమయం కేటాయించారు. ఆ మిగిలిన సమయంలో ఇంగ్లీషు, హిందీ, ఇతర పాఠాలు చెప్పారు. తక్కువ సమయంలో అంతే నేర్పారన్నమాట. పైగా ఒక్కో పిల్లకు అయిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. ఇది ప్రైవేటు గెలుపేనని ఇంకొందరు అన్నారు.

ఆ రెండో వర్గం కూడా ఒక సంగతి దగ్గర ఆగి ఆలోచించాలని నా మనవి. ఖర్చు తక్కువ కావడానికి పెద్ద కారణం జీతం. అదే అధ్యయనంలో ప్రైవేటు టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరో వంతు కూడా లేదు. ఆ టీచరు ఎవరు? చాలాసార్లు మన ఊరి ఆడపిల్లే. డిగ్రీ చదివి, పెళ్లికి ముందో, పిల్లలు కాస్త పెద్దయ్యాకో బడిలో చేరినామె. 2020లో బడులు మూతపడ్డప్పుడు ఈ టీచర్లలో ఎంతోమంది జీతం లేక కూలికి పోయారు, కూరగాయలు అమ్మారు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. చవకగా చదువు చెబుతున్నారని మెచ్చుకునేటప్పుడు ఆ బియ్యం బస్తా కూడా గుర్తు చేసుకుంటే లెక్క సరిగ్గా ఉంటుంది.

ఆ అధ్యయనంలో ఇంకో సూచన ఉంది. ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడుల్లో చేరినవాళ్ల కంటే తెలుగు మీడియం ప్రైవేటు బడుల్లో చేరినవాళ్లకు మేలు ఎక్కువ జరిగినట్టు కనిపించింది. అప్పటిదాకా తెలుగులో చదివిన పిల్లను ఒక్కసారిగా ఇంగ్లీషులో ముంచితే కొంతకాలం అన్ని పాఠాలూ మసకబారతాయి.

ఇక్కడ పాత ముచ్చట ఒకటి చెప్పాలనిపిస్తుంది. నిజాం కాలంలో సర్కారు బడి అంటే ఉర్దూ. తెలుగులో చదువుకోవాలంటే జనమే చందాలు వేసుకుని బడి పెట్టుకోవాలి. వాటిని ఖాన్గీ, అంటే ప్రైవేటు, పాఠశాలలనేవారు. వాటికి కూడా సర్కారు అనుమతి కావాలని పెట్టిన ఆంక్షల మీద ఆంధ్ర మహాసభ గట్టిగా పోరాడింది. వరంగల్‌లోని ఆంధ్ర విద్యాభివర్ధిని పాఠశాల ఆ రోజుల్లో తెలుగు చదువు కోసం పుట్టిందే. ఒకప్పుడు అమ్మ భాష కోసం ప్రైవేటు బడి పెట్టుకున్నాం, ఇప్పుడు అమ్మ భాష వద్దని ప్రైవేటు బడికి పోతున్నాం. ప్రైవేటు అన్న మాటే మంచిదో చెడ్డదో కాదని చెప్పడానికి నాకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. సర్కారు ఇవ్వనిది ఏదో జనం అక్కడ వెతుక్కుంటారు.

వోచర్ ఆలోచన మనది కాదు. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో దాన్ని రాశాడు: ప్రభుత్వం బడులు నడపనక్కర్లేదు, డబ్బు తల్లిదండ్రుల చేతికిస్తే వాళ్లే మంచి బడిని ఎంచుకుంటారు, పోటీలో బడులన్నీ బాగుపడతాయి. చిలీ దేశం 1981లో దేశమంతా అమలు చేసింది. సగటు చదువు అనుకున్నంత పెరగలేదు, కలిగినవాళ్ల పిల్లలు ఒక చోట, లేనివాళ్ల పిల్లలు ఒక చోట పోగుపడ్డారు. చివరికి 2015లో చట్టం తెచ్చి ప్రభుత్వ డబ్బు తీసుకునే బడులు లాభం చూసుకోవడాన్నీ, పిల్లలను ఏరుకోవడాన్నీ ఆపే పని మొదలుపెట్టారు.

మనకూ ఆ పేరు పెట్టుకోని వోచర్లు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి 15,000 రూపాయలను తల్లి ఖాతాలో వేసింది. పిల్ల సర్కారు బడిలో ఉన్నా ప్రైవేటు బడిలో ఉన్నా అదే డబ్బు. పేరు ఏదైనా, ప్రైవేటు బడిలో ఉన్న పిల్ల ఇంట్లో అది ఫీజు సాయమే అయింది. తెలంగాణలో బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం ఇంకా నేరుగా వోచరే. ఎస్సీ, ఎస్టీ పిల్లలను డ్రా తీసి ఎంపిక చేసి ప్రైవేటు బడుల్లో చేరుస్తారు, ఫీజు ప్రభుత్వం కడుతుంది. వర్ధన్నపేట లాంటి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో డ్రాలో పేరు వచ్చిందంటే ఆ ఇంట్లో పండుగే. కానీ 2025లో బకాయిలు పేరుకుపోయి, బడులు ఈ పిల్లలను రానివ్వడం లేదని తల్లిదండ్రులు రోడ్డెక్కారు. వోచర్ కాగితం విలువ ప్రభుత్వం సకాలంలో డబ్బు కట్టినంత వరకే. కట్టకపోతే ఆ అవమానం మోసేది ఏడెనిమిదేళ్ల పిల్ల.

విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ కింద ప్రైవేటు బడులు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలి. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో ఈ సెక్షన్‌ను సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ పదేళ్లకు పైగా ఆలస్యంగా 2022–23లో మొదలుపెట్టింది. తెలంగాణ ఏళ్ల తరబడి పక్కన పెట్టింది. సర్కారు బడులు ఇంకా ఖాళీ అవుతాయన్న భయం దీని వెనుక ఉంది. ఆ భయం వట్టిది కాదు, కానీ చట్టం పేద పిల్లకు ఇచ్చిన హక్కును ఆ భయంతో ఆపడం సరికాదని నా అభిప్రాయం.

ప్రభుత్వం తనే ఇచ్చిన ఎంపిక మరొకటి ఉంది, గురుకులం. ఈ జిల్లాలోనే పుట్టిన పి.వి. నరసింహారావు హయాంలో 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. ఆ తర్వాత అవి వందలయ్యాయి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. వర్ధన్నపేట నుంచి వరంగల్ పోయే దారిలో మామునూరులో నవోదయ ఉంది. ఈ బడులు పేద పిల్లలకు చేసిన మేలును నేను కళ్లకద్దుకుంటాను. అయితే ఊరి బడి వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. కాస్త డబ్బున్న ఇళ్ల పిల్లలు మూడేళ్లకు బస్సెక్కి పోతారు, బాగా చదివే పిల్లలు పదేళ్లకు పరీక్ష రాసి పోతారు. ఊరి బడిలో మిగిలేది అందరికన్నా ఎక్కువ సాయం కావలసిన పిల్లలు. చాలా ఇళ్లలో కొడుకు బస్సెక్కితే బిడ్డ సర్కారు బడికి నడుస్తుంది. ప్రైవేటు బడుల్లో మగపిల్లల వాటా ఎక్కువని అసర్ సర్వేలూ చెబుతూ వచ్చాయి.

వెళ్లిపోయేవాళ్లతో పాటు ఇంకొకటి కూడా పోతుంది. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక పుస్తకం రాశాడు. నైజీరియాలో లారీలు పోటీకి వచ్చినా రైల్వేలు ఎందుకు బాగుపడలేదని ఆయనకు వచ్చిన ప్రశ్న. గట్టిగా నిలదీసి అడగగలిగిన ఖాతాదారులందరూ లారీలకు మారిపోయారు. రైలు మీద మిగిలినవాళ్లకు అడిగే సత్తువ లేదు. రైల్వేకు ప్రభుత్వ డబ్బు ఎలాగూ వస్తుంది గనుక పోయినవాళ్ల కోసం అది బెంగపడలేదు. మన ఊరి బడి కథ ఇదే. సర్పంచి పిల్లలు, టీచర్ల పిల్లలు, దుకాణదారు పిల్లలు ఆ బడిలో ఉన్న రోజుల్లో సారు రెండు రోజులు రాకపోతే మూడో రోజు పంచాయతీలో మాట వచ్చేది. ఇప్పుడు అదే బడి కమిటీ సమావేశానికి తల్లులు కూలి మానుకుని రావాలి. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు సర్కారు బడిలోనే చదవాలని 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అది అమలు కాలేదు. అడగగలిగే గొంతును బడికి తిరిగి తేవాలన్న ఆ ఆలోచన మాత్రం సరైనదే. తీర్పుతో కాదు, ఆ గొంతు తనంతట తాను వచ్చేలా బడి మారాలి.

అలా మారడానికి ఆకాశాన్ని దించనక్కర్లేదు. తరగతికి ఒక టీచరు, మూడేళ్లకే తలుపు తెరవడం, ఈ రెండూ చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు ఎనిమిదేళ్ల పిల్లలు దూరం నడవాలా అని తల్లిదండ్రులు తిరగబడ్డారు. 2025లో దాన్ని రద్దు చేసి, తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. మా వరంగల్–ఖమ్మం రోడ్డు మీద లారీల వేగం చూసినవాళ్లెవరికైనా, చిన్న పిల్లలను పక్క ఊరి బడికి నడిపించమంటే గుండె ఝల్లుమంటుంది. నాలుగు ఊళ్ల పిల్లలను ఒక మంచి బడిలో చేర్చాలంటే ముందు సర్కారే బస్సు పెట్టాలి. బస్సు లేకుండా బడులు కలపడమంటే పిల్లలను ప్రైవేటు బస్సు ఎక్కించడమే.

మూడేళ్ల పిల్లలకు అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది. గుడ్డు, పాలు, తూకం, టీకాల లెక్క చూసుకోవడంతోనే ఆ టీచరుకు పొద్దు గడుస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచే చదువు మొదలనుకోవాలని చెప్పింది. తెలంగాణలో కొన్ని సర్కారు బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు ఈ మధ్యనే మొదలయ్యాయి. అవి ప్రతి ఊరికీ ఎంత తొందరగా వస్తే అంత మేలు.

అప్పటిదాకా ఏ బడి అని మథనపడే తల్లిదండ్రులకు ఒక చిన్న పరీక్ష చెబుతాను. చేర్చాలనుకున్న బడి సర్కారుదైనా ప్రైవేటుదైనా, అందులో మూడో తరగతి చదివే పక్కింటి పిల్లను పిలవండి. పాఠ్యపుస్తకం వద్దు, దాన్ని కంఠస్థం చేసి ఉండొచ్చు. పేపర్లో నాలుగు వాక్యాలు చూపించి చదవమనండి. చదివాక అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పమనండి. దుకాణంలో యాభై రూపాయలిచ్చి పద్దెనిమిది రూపాయల సబ్బు కొంటే ఎన్ని తిరిగివ్వాలో అడగండి. తర్వాత బడికి వెళ్లి, ఒకటో తరగతికి రోజంతా ఉండే టీచరు ఎవరని అడిగి, ఆమె ఎన్నాళ్లుగా అక్కడ పనిచేస్తున్నదో కనుక్కోండి.